లింఫోమా కణాన్ని ఏ రిసెప్టర్ నడిపిస్తోంది? నాన్నగారి రిపోర్టు గురించి అడిగిన వారికి

మీరు అడిగింది ముందు నాలుగు మాటల్లో చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీ నాన్నగారికి 63 ఏళ్లు. మెడ దగ్గర బిళ్ల కట్టి తగ్గకపోతే తీసి బయాప్సీకి పంపారు. ‘డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, నాన్-జీసీబీ టైపు, సీడీ20 పాజిటివ్’ అని రిపోర్టు వచ్చింది. రోగనిరోధక కణాల మీదుండే రిసెప్టర్లే ఈ జబ్బును ముందుకు తోస్తాయని మీరు ఎక్కడో చదివారు. అలాంటప్పుడు ఇమ్యూనిటీ పెరగాలని ఇంట్లోవాళ్లు రోజూ ఇస్తున్న తిప్పతీగ కషాయం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది మీ టెన్షన్.

కషాయం ఇవాళే ఆపేయండి. ఎందుకో చివర్లో చెబుతాను, ముందు రిసెప్టర్ల సంగతి తెలిస్తే ఆ మాట సులువుగా అర్థమవుతుంది. నేను పాథాలజిస్టును. 22 ఏళ్లుగా లింఫ్ గ్రంథుల స్లైడ్లు చూడటమే నా పని. మందుల విషయంలో మాత్రం నాన్నగారిని చూస్తున్న హెమటాలజిస్టుదే (రక్త జబ్బుల డాక్టరుదే) ఆఖరి మాట.

ఊపిరితిత్తుల క్యాన్సరో, రొమ్ము క్యాన్సరో అయితే రోగనిరోధక కణాలు ఒక పక్క, క్యాన్సర్ కణాలు ఒక పక్క ఉంటాయి. లింఫోమాలో దారి తప్పింది రోగనిరోధక కణమే. మామూలు బి కణంగా (యాంటీబాడీలు తయారుచేసే కణంగా) ఉన్నప్పుడు అది ఏ పిలుపులు వింటూ బతికిందో, క్యాన్సర్‌గా మారాక కూడా చాలావరకు వాటి మీదే బతుకుతుంది. ఆ పిలుపులు వినే చెవులే రిసెప్టర్లు. కాబట్టి ‘ఇమ్యూనిటీ పెరిగితే మంచిదేగా’ అనే లెక్క ఈ జబ్బులో కుదరదు. ఎవరి ఇమ్యూనిటీ, ఏ కణానిది, ఏ రిసెప్టర్ ద్వారా అని అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బి సెల్ రిసెప్టర్. ప్రతి బి కణం తన ఒంటి మీద ఒకే రకం యాంటీబాడీని వేల సంఖ్యలో గుచ్చుకుని ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని సీడీ79ఎ, సీడీ79బి అని రెండు ప్రొటీన్లు ఉంటాయి. బయట యాంటీబాడీకి ఏదైనా తగిలిందంటే ఆ కబురు లోపలికి మోసేవి ఈ రెండే. వాటి దగ్గర నుంచి సిక్, బీటీకే అనే ఎంజైములు అందుకుని, ఒకరి చేతి నుంచి ఒకరికి మార్చుకుంటూ ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ దాకా చేరుస్తాయి. ఆ స్విచ్ పడితే కణం చావును పక్కనపెట్టి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతుంది. శరీరంలోకి సూక్ష్మజీవి దూరినప్పుడు జరగాల్సింది ఇదే. పని అయ్యాక ఆగిపోవాలి, అంతే.

బయటి నుంచి ఏమీ తగలకపోయినా ఈ రిసెప్టర్ సన్నగా ఒక సంకేతం లోపలికి పంపుతూనే ఉంటుంది. అది కూడా లేకపోతే బి కణం బతకదు. 1997లో జర్మనీలోని కొలోన్‌లో క్లాస్ రాయెవ్‌స్కీ బృందం ఎలుకల్లో ఎదిగిన బి కణాల నుంచి ఈ రిసెప్టర్‌ను తీసేసి చూసింది. ఆ కణాలు కొన్నాళ్లలోనే చనిపోయాయి.

లింఫోమా కణం కూడా ఈ రిసెప్టర్‌ను అంత తేలిగ్గా వదులుకోదు. దీనికి ఫాలిక్యులర్ లింఫోమా, అంటే బి కణాల్లోనే వచ్చే ఇంకో రకం లింఫోమా, మంచి సాక్ష్యం. ఆ జబ్బులో చాలామందికి 14వ క్రోమోజోము ముక్క, 18వ క్రోమోజోము ముక్క చోటు మార్చుకుంటాయి. ఆ గొడవలో యాంటీబాడీ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైపోతుంది. రెండోది మాత్రం చెక్కుచెదరకుండా పనిచేస్తూనే ఉంటుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఈ కణాల యాంటీబాడీ కొసల్లో మామూలుగా ఉండని చక్కెర గొలుసులు, మానోజ్ చక్కెరలు, వేలాడుతుంటాయి. గ్రంథిలోనే తిరిగే మాక్రోఫేజుల (క్రిములను మింగే కణాల) మీద డీసీ-సైన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది సూక్ష్మజీవుల మీది చక్కెరలను పట్టుకోవడానికి ఏర్పడింది. ఇక్కడ లింఫోమా చక్కెరను పట్టుకుంటుంది. అంటే క్రిమి లేదు, ఇన్ఫెక్షన్ లేదు, అయినా బి సెల్ రిసెప్టర్‌కు పొద్దస్తమానం తగులుడు దొరుకుతూనే ఉంటుంది. పక్కింటి కణం తెలియక పోషిస్తున్నట్టు లెక్క. ఫాలిక్యులర్ లింఫోమా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగడంలో ఇలాంటి ఇరుగుపొరుగు సంబంధాల పాత్ర పెద్దది.

ఇప్పుడు మీ రిపోర్టులోని ‘నాన్-జీసీబీ’ దగ్గరికి వద్దాం. 2000 సంవత్సరంలో అమెరికాలో లూయీ స్టౌట్, యాష్ అలీజాదే తదితరులు డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమాలో జన్యువుల పనితీరు పరిశీలించి, మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే ఈ జబ్బు నిజానికి రెండు రకాలని తేల్చారు. ఒకటి లింఫ్ గ్రంథిలో బి కణాలు గుంపుగా పెరిగే జెర్మినల్ సెంటర్ అనే చోట ఉండే బి కణాన్ని పోలింది, అదే జీసీబీ. రెండోది అప్పటికే ఉత్తేజం పొందిన బి కణాన్ని పోలింది, అదే ఏబీసీ. రోజువారీ ల్యాబుల్లో అన్ని జన్యువులూ చూడలేం కాబట్టి మేం మూడు రంగు పరీక్షలతో అంచనా వేస్తాం.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. గ్రంథిని మైనంలో పెట్టి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచటి పొరలుగా కోసి గాజు మీద పరుస్తాం. బి కణాల మీదుండే సీడీ20 అనే ప్రొటీన్‌కు రంగు వేసిన స్లైడులో ప్రతి కణం అంచు చుట్టూ గోధుమ రంగు గాజు తొడిగినట్టు గుండ్రంగా కనిపిస్తుంది, లోపల నీలి కేంద్రకం. రిసెప్టర్లు, ఉపరితల ప్రొటీన్లు ఉండేది అంచు మీదే గనక రంగు అక్కడే పడుతుంది. తర్వాత సీడీ10, బీసీఎల్6, ఎంయూఎం1 అనే మూడు ప్రొటీన్లను వరసగా చూస్తాం. గీత 30 శాతం కణాల దగ్గర. సీడీ10 అంతకు తగ్గకుండా ఉంటే జీసీబీ. సీడీ10 లేక బీసీఎల్6 కూడా లేకపోతే నాన్-జీసీబీ. సీడీ10 లేకుండా బీసీఎల్6 ఉంటే అప్పుడు ఎంయూఎం1 తేలుస్తుంది: అది ఉంటే నాన్-జీసీబీ, లేకపోతే జీసీబీ. ఇది 2004 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. మంచి పద్ధతే, కానీ జన్యు పరీక్షంత కచ్చితం కాదు. ‘నాన్-జీసీబీ’ అంటే చాలావరకు ఏబీసీ అని అర్థం, అన్నిసార్లూ కాదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఇది నన్ను బాగా బాధపెట్టిన సంగతి. కొన్నేళ్ల కింద ఎండాకాలంలో ఒక చిన్న ఊరి నుంచి గ్రంథి ముక్కను సెలైన్‌లో వేసి బస్సు పార్సిల్‌లో పంపారు. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయాలని అక్కడ ఎవరికీ తోచలేదు. నా బల్ల మీదికి వచ్చేసరికి మెత్తబడిపోయింది. కణాలున్నాయి, ప్రొటీన్లు చెదిరిపోయాయి. ఏ రంగు వేసినా స్లైడంతా మసక గోధుమ రంగు. ఏ రిసెప్టర్ ఉందో, ఏది లేదో చెప్పలేక మళ్లీ బయాప్సీ అడగాల్సి వచ్చింది. ఆ మనిషికి అప్పటికే బిళ్లలు గజ్జల్లోకి వచ్చేశాయి. ఎవరికైనా బయాప్సీ జరుగుతుంటే, ముక్కను ఫార్మలిన్‌లో వేశారా అని పక్కనున్నవాళ్లు ఒక్కసారి అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఏబీసీ రకంలో రిసెప్టర్ కథ వేరే స్థాయిలో ఉంటుంది. 2010లో స్టౌట్ బృందమే దీన్ని బయటపెట్టింది. ఈ కణాల్లో బి సెల్ రిసెప్టర్లు ఉపరితలం మీద గుంపులు గుంపులుగా చేరి ఎప్పుడూ రగులుతూనే ఉంటాయి. ఐదింట ఒక కేసులో సీడీ79బిలో మార్పు కనిపించింది. ఇంటి కాలింగ్ బెల్ బటన్ లోపలికి ఇరుక్కుపోతే ఎవరూ నొక్కకపోయినా మోగుతూ ఉంటుందే, అలాంటి పరిస్థితి. మరుసటి ఏడాది ఇంకో సంగతి తేలింది. దాదాపు 29 శాతం ఏబీసీ కేసుల్లో ఎంవైడీ88 అనే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. అది టోల్ లాంటి రిసెప్టర్ల దారిలో ఉండే ప్రొటీన్. క్రిముల ఆనవాళ్లను పసిగట్టే రిసెప్టర్లు అవి. ఈ రెండో దారి కూడా వెళ్లి చేరేది ఎన్ఎఫ్-కప్పా-బి స్విచ్ దగ్గరికే.

మరి ఆ దారిని మధ్యలో నరికేస్తే? 2015లో వచ్చిన ఫలితాల్లో, జబ్బు తిరగబెట్టిన 80 మందికి బీటీకేను అడ్డుకునే ఐబ్రూటినిబ్ బిళ్ల ఇచ్చారు. ఏబీసీ రకంలో 37 శాతం మందికి గడ్డలు తగ్గాయి, జీసీబీ రకంలో 5 శాతం మందికే తగ్గాయి. మైక్రోస్కోపులో కవలల్లా ఉన్న రెండు జబ్బుల్లో మందుకు ఇంత తేడా రావడానికి కారణం, కణం ఏ రిసెప్టర్ మీద ఆధారపడి బతుకుతోంది అన్నదే.

అలాగైతే నాన్నగారికి మొదటి నుంచే ఈ బిళ్ల ఇవ్వచ్చుగా అని మీరు అడుగుతారు. అది కూడా చేసి చూశారు. 838 మంది నాన్-జీసీబీ రోగులతో జరిగిన ఫీనిక్స్ ట్రయల్‌లో మామూలు ఆర్-చాప్ కీమోకు (రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ, చాప్ అనే నాలుగు మందులు) ఐబ్రూటినిబ్ కలిపారు. మొత్తం మీద లాభం కనిపించలేదు. 60 ఏళ్ల లోపు వాళ్లకు మేలు జరిగింది. 60 దాటినవాళ్లలో దుష్ప్రభావాలు పెరిగి, కీమో కోర్సు సరిగ్గా పూర్తి చేయలేక, ఫలితం ఇంకా దిగజారింది. మీ నాన్నగారి వయసు 63. సైన్సు ఎంత అందంగా ఉన్నా ఒంటికి తట్టుకునే శక్తి లేకపోతే అది పనికిరాదని ఈ ట్రయల్ చూశాక నాకు మరింత గట్టిగా అనిపించింది. ఇంటర్నెట్‌లో చూసి ఈ మందు కోసం డాక్టరు మీద ఒత్తిడి తేకండి.

అదే రిసెప్టర్‌ను ఇంకో విధంగా వాడుకునే మందు ఉంది, పొలాటుజుమాబ్. ఇది సీడీ79బిని ఆపడానికి ప్రయత్నించదు. దాన్ని చిరునామాగా వాడుకుని, వెంట తెచ్చిన విషాన్ని కణం లోపల దించుతుంది. 2022లో వచ్చిన పోలరిక్స్ ట్రయల్‌లో, ఆర్-చాప్‌లోని విన్‌క్రిస్టిన్ బదులు దీన్ని పెట్టినవాళ్లలో రెండేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవారు 76.7 శాతం. పాత పద్ధతిలో 70.2 శాతం. మొత్తం బతికి ఉన్నవాళ్ల సంఖ్యలో మాత్రం తేడా తేలలేదు. ఖరీదైన మందు. ఇల్లు తాకట్టు పెట్టి కొనాల్సినంత తేడా ఉందా అని నన్నడిగితే, లేదనే అంటాను. ఇన్సూరెన్స్ భరిస్తుంటే తప్పకుండా డాక్టరుతో మాట్లాడండి.

జబ్బు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకడంలో కూడా రిసెప్టర్ల చేయి ఉంటుంది. బి కణాన్ని జెర్మినల్ సెంటర్‌లోనే కట్టిపడేసే రిసెప్టర్లు రెండు ఉన్నాయి, ఎస్1పీఆర్2, పీ2ఆర్‌వై8. జీసీబీ రకంలో కొందరిలో ఇవిగానీ, వీటి కింద పనిచేసే జీఎన్ఏ13గానీ పాడవుతాయి. గుంజకు కట్టిన తాడు తెగినట్టు కణాలు రక్తంలోకి, ఎముక మజ్జలోకి వెళ్లిపోతాయి. దీనికి తలకిందులైన దృశ్యం దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలో (బి కణాల రక్త క్యాన్సర్‌లో) ఐబ్రూటినిబ్ మొదలుపెట్టినప్పుడు కనిపిస్తుంది. గ్రంథుల్లో కణాలను పట్టి ఉంచే సంకేతాలు సడలి అవి రక్తంలోకి వచ్చిపడతాయి. మెడలో బిళ్లలు కరుగుతుంటాయి, రక్త పరీక్షలో లింఫోసైట్ల కౌంట్ మాత్రం పైకి పోతుంది. ఆ కాగితం చూసి మందు పనిచేయట్లేదని బెంబేలెత్తి మానేసినవాళ్లు ఉన్నారు. మందు పనిచేస్తోందనడానికి అది ఒక గుర్తు.

బీటీకే పేరు వెనక ఒక పిల్లవాడున్నాడు. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు, పదే పదే ఇన్ఫెక్షన్లతో వస్తున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో యాంటీబాడీలు ఉండే గామా గ్లోబ్యులిన్ భాగమే లేదని గుర్తించాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. అది లేకపోతే బి కణాలు ఎదగవు. బ్రూటన్ టైరోసిన్ కైనేజ్ అన్న పేరు అలా వచ్చింది. ఒక బిడ్డకు పుట్టుకతో కరువైన ప్రొటీన్‌ను ఇప్పుడు లింఫోమా రోగుల్లో కావాలని ఆపుతున్నాం. అందుకే ఈ మందులు వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్ల భయం ఎప్పుడూ ఉంటుంది.

బయటి పిలుపును ఆపితే చాలు జబ్బు వెనక్కి పోతుందనడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే బలమైన ఉదాహరణ కడుపులో వచ్చే మాల్ట్ లింఫోమా. జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే అక్కడికి బి కణాలు, వాటికి తోడుండే టి కణాలు అనే మరో రకం రోగనిరోధక కణాలు చేరుతాయి. బ్యాక్టీరియాను గుర్తుపట్టే టి కణాలు సీడీ40 అనే రిసెప్టర్ ద్వారా పక్కనున్న బి కణాలకు ఊతమిస్తుంటాయి. అందులోంచే లింఫోమా పుడుతుంది. 1993లో లండన్‌లో ఆండ్రూ వోదర్‌స్పూన్, పీటర్ ఐజాక్‌సన్‌లు ఆరుగురు రోగులకు కీమో ఏమీ లేకుండా, బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఐదుగురిలో లింఫోమా కనిపించకుండా పోయింది! క్యాన్సర్‌కు యాంటీబయాటిక్ ఏమిటని అప్పట్లో నమ్మనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు తొలిదశలో అదే మొదటి వైద్యం. 11, 18 క్రోమోజోముల మధ్య మార్పిడి జరిగిన కేసులు మాత్రం సాధారణంగా దీనికి లొంగవు. అక్కడ స్విచ్ లోపలే పడిపోయి ఉంటుంది, బయటి పిలుపుతో పని ఉండదు. నాన్నగారిది ఆ రకం లింఫోమా కాదు, ఆశతో యాంటీబయాటిక్స్ మొదలుపెట్టకండి.

ఇక పీడీ-1. ఇది టి కణాల మీదుండే బ్రేకు లాంటి రిసెప్టర్. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో కనిపెట్టింది, 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది. హాడ్జ్‌కిన్ లింఫోమా స్లైడు చూస్తే, గుడ్లగూబ కళ్లలాంటి రెండు కేంద్రకాలతో ఒక పెద్ద రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం, దాని చుట్టూ ఉంగరంలా టి కణాలు. గడ్డలో అసలు క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో, మిగతావన్నీ చుట్టూ చేరిన మామూలు కణాలే. అన్ని టి కణాలు చుట్టుముట్టి కూడా ఏమీ చేయలేకపోవడానికి కారణం, 9వ క్రోమోజోములో జరిగిన మార్పు వల్ల ఆ పెద్ద కణం ఒంటినిండా పీడీ-ఎల్1 పెట్టుకుని వాటి బ్రేకు తొక్కి పట్టడమే. ఆ పట్టు విడిపించే నివొలుమాబ్‌ను అన్ని మందులూ విఫలమైన 23 మందికి ఇస్తే 87 శాతం మందిలో గడ్డలు తగ్గాయి.

అదే మందును టి కణమే క్యాన్సర్ అయిన జబ్బులో ఇస్తే? హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్ వల్ల వచ్చే టి సెల్ లుకేమియా-లింఫోమా ఉన్న ముగ్గురికి ఇచ్చారు. ఒక్క డోసుతోనే ముగ్గురిలోనూ జబ్బు భగ్గుమంది. 2018లో ఈ సంగతి ప్రచురించారు. ఇక్కడ బ్రేకు ఉన్నది క్యాన్సర్ కణం మీదే. దాన్ని తీసేస్తే పరుగెత్తింది క్యాన్సరే. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. మీ కషాయం ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మిగతా సగం ఇది. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోని లివర్ డాక్టర్లే నమోదు చేశారు. చాలావాటిలో రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదికి ఎగబడిన ఛాయలు కనిపించాయి. నాన్నగారు తీసుకోబోయే ఆర్-చాప్‌లోని డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ రెండూ కాలేయం ద్వారానే బయటికి పోవాలి. కాలేయం వాచి ఉంటే డోసు తగ్గించాల్సి వస్తుంది, డోసు తగ్గితే నయమయ్యే అవకాశం తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే ఇస్తున్నారు, వాళ్లను నొప్పించకుండా చెప్పండి. వాళ్లకు ఏదో ఒకటి చేయాలని ఉంటుంది గనక వేళకు గుడ్డు, పప్పు, పెరుగు పెట్టే పని అప్పగించండి.

సీడీ20 పాజిటివ్ అన్నది మీకు మంచి వార్త. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ ఒక కొసతో సీడీ20ని పట్టుకుంటుంది, రెండో కొసను ఎన్‌కే కణాలు (జబ్బు కణాలను చంపే రోగనిరోధక కణాలు), మాక్రోఫేజుల మీదుండే ఎఫ్‌సీ రిసెప్టర్లు అందుకుంటాయి. అంటే ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న రోగనిరోధక కణాలను పనిలో పెడుతున్నాం, అదీ గురి చూపించి. 2002లో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో 60 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లకు చాప్‌తో పాటు ఇది కలిపితే పూర్తిగా తగ్గినవాళ్లు 63 శాతం నుంచి 76 శాతానికి పెరిగారు. నాన్నగారి వయసువాళ్లే వీళ్లంతా. 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ రెడిటక్స్ పేరుతో దీన్ని మన దగ్గరే తయారుచేయడం మొదలుపెట్టాక మధ్యతరగతి ఇళ్లకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది. ఆ మార్పును నేను దగ్గరుండి చూశాను.

మొదటి డోసుకు ముందు మూడు పనులు అయ్యాయో లేదో కనుక్కోండి. హెపటైటిస్ బి పరీక్షలు, ఉపరితల యాంటిజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా. ఎప్పుడో వచ్చి నిద్రపోతున్న వైరస్ రిటుక్సిమాబ్ తర్వాత లేచే ప్రమాదం ఉంది. రెండోది గుండెకు ఎకో, డాక్సోరుబిసిన్ గుండెను దెబ్బతీయవచ్చు గనక. మూడోది బయాప్సీ బ్లాకు మీద ఎంవైసీ, బీసీఎల్2, బీసీఎల్6 జన్యువులకు ఫిష్ పరీక్ష, అవి విరిగాయేమో చూపించేది. మీరు పంపిన రిపోర్టులో అది కనబడలేదు. ఎంవైసీ, బీసీఎల్2 రెండూ విరిగి ఉంటే వైద్యం మార్చే ఆలోచన చేస్తారు. నాన్-జీసీబీలో అలా ఉండటం అరుదు, అయినా చూసి ఉంచడం మంచిది.

ఒకవేళ ఎప్పుడైనా జబ్బు తిరగబెడితే పాత రిపోర్టును నమ్ముకోవద్దు, మళ్లీ బయాప్సీ చేయమనండి. రిటుక్సిమాబ్ తర్వాత కొందరిలో సీడీ20 మాయమవుతుంది. అప్పటికి దారులు మూసుకుపోయినట్టు కాదు. బి కణాల మీదుండే ఇంకో ప్రొటీన్ సీడీ19ని గుర్తుపట్టే కృత్రిమ రిసెప్టర్‌ను రోగి సొంత టి కణాల్లోకి ఎక్కించే కార్-టి వైద్యం, ఐఐటీ బాంబేలో, టాటా మెమోరియల్‌లో రూపుదిద్దుకున్న నెక్స్‌కార్19 రూపంలో, 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి పొందింది. దాని సంగతి ఇప్పుడు మీకు అక్కర్లేదు, అక్కర రాకూడదనే కోరుకుంటున్నాను.

ఫిష్ రిపోర్టు రాగానే పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి పెట్టండి. చూసి చెబుతాను.